ప్రోస్టేట్ క్యాన్సర్: రక్తపరీక్షకు ముందు, ఆ తర్వాత



రంజాన్ నెలలో తరావీహ్ నమాజు జరిగేటప్పుడు, తలుపు పక్కన చివరి వరుసలో నిలబడే పెద్దలను మీరంతా చూసే ఉంటారు. ముందు వరుసలో చోటున్నా వాళ్లు అక్కడికి వెళ్లరు. నాలుగు రకాతులు కాగానే బయటికి వెళ్లి, మళ్లీ వజూ చేసుకుని వచ్చి నిలబడతారు. కొన్నాళ్లకు ఆ చోటు ఖాళీ అవుతుంది. అడిగితే, "మోకాళ్ల నొప్పులు నాయనా, ఇంట్లోనే చదువుకుంటున్నా" అంటారు. మోకాళ్ల నొప్పి నిజమే కావచ్చు. అయితే మన సొసైటీ వైద్య విభాగం తరఫున తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు, ఆడవాళ్లు లోపలికి వెళ్లాక, గొంతు తగ్గించి వాళ్లు మాతో చెప్పిన మాట వేరు. ఒంటికి వెళ్లి వచ్చాక కూడా చుక్కలు పడుతున్నాయి, బట్ట పాక్‌గా ఉందో లేదో తెలియడం లేదు, అందుకే మసీదుకు రావడం మానేశాను అని.

గత సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు దాతల్లో ఒకరు లేచి, మూడు ఊళ్లలోనూ 50 ఏళ్లు దాటిన మగవాళ్లందరికీ ఒకేరోజు క్యాంపు పెట్టి ప్రోస్టేట్ క్యాన్సర్ రక్తపరీక్ష చేయిద్దాం, ఖర్చంతా నాది అన్నారు. అల్లాహ్ ఆయన సంకల్పాన్ని స్వీకరించుగాక. మేము మాత్రం వెంటనే సరే అనలేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నారు కూడా. ఎందుకు అనలేదో ఆయనకూ, డబ్బు ఇచ్చే మీ అందరికీ వివరంగా చెప్పడం మా బాధ్యత. ఈ వ్యాసం అందుకే.

ముందుగా ఆ గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మగవాళ్లలో మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా అమరి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అక్రోటు కాయంత ఉంటుంది. నడివయసు దాటాక చాలామందిలో అది పెరుగుతుంది. పెరిగి మధ్యలో ఉన్న గొట్టాన్ని నొక్కుతుంది. దానివల్లే ధార సన్నబడటం, మొదలుకావడానికి ఆలస్యం, రాత్రి మూడు నాలుగు సార్లు లేవడం, చివర్లో చుక్కలు. ఇది వయసుతో వచ్చే వాపు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. మందులతో చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే ఆపరేషన్ ఉంది. చివరి వరుసలో నిలబడే మన పెద్దల్లో ఎక్కువమంది సమస్య ఇదే. షుగర్ వల్ల, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలాంటి ఇబ్బందే వస్తుంది.

క్యాన్సర్ తీరు వేరు. వయసు వాపు గ్రంథి లోపలి భాగంలో, గొట్టం చుట్టూ వస్తుంది. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచుల్లో మొదలవుతుంది. అక్కడ అది గొట్టాన్ని నొక్కదు. కాబట్టి మొదటి దశలో ఏ ఇబ్బందీ ఉండదు. ధార బాగానే వస్తుంది, నిద్ర బాగానే పడుతుంది. ఇబ్బంది తెలిసేసరికి చాలాసార్లు అది గ్రంథి దాటి ఉంటుంది. దానికి ఇష్టమైన చోటు ఎముకలు, ముఖ్యంగా వెన్నెముక, తుంటి. అందువల్ల మూత్రం ఇబ్బంది ఉన్నవాడికల్లా క్యాన్సర్ అనుకోకూడదు, ఇబ్బంది ఏమీ లేనివాడికి క్యాన్సర్ లేదనీ అనుకోకూడదు. ఈ రెండో మాట వల్లే పరీక్షల అవసరం వచ్చింది.

రేపల్లె వైపు ఒక చాచా గురించి చెప్పాలి. పేరు, వీధి చెప్పం. జీవితమంతా కుట్టుమిషన్ మీద గడిపిన మనిషి. నడుం నొప్పి వచ్చింది. మిషన్ తొక్కితొక్కి వచ్చిందని ఆయనా, ఇంట్లోవాళ్లూ అనుకున్నారు. దాదాపు ఏడాదిపాటు దగ్గర్లోని ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర నొప్పి ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో మాత్రలు. రాత్రి నాలుగైదు సార్లు లేవడం షుగర్ ఖాతాలో వేశారు. తూకం తగ్గింది, అది కూడా షుగర్ ఖాతాలోనే. ఒకరోజు ఫజర్‌కు లేవబోతే కాళ్లు కదల్లేదు. గుంటూరు తీసుకెళ్లాక తేలింది, ప్రోస్టేట్‌లో పుట్టిన క్యాన్సర్ వెన్నెముకలోకి పాకి లోపలి నరాలను నొక్కిందని. రక్తపరీక్షలో అంకె వందల్లో ఉంది.

ఆ దశలోనూ వైద్యం ఉంది. ఈ క్యాన్సర్ మగ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని, ఆ హార్మోనును ఆపితే కుంచించుకుపోతుందని 1941లోనే చికాగోలో చార్లెస్ హగిన్స్ చూపించారు. అందుకు 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్, లేదా నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఆ పని చేస్తుంది. పేదవాడికి మొదటిదే చవక. చాచాకు అది చేశారు, వెన్నుకు కరెంటు కూడా పెట్టారు. నొప్పి పోయింది. కాళ్లలో కొంచెం బలం వచ్చింది, నడక మాత్రం రాలేదు. రెండేళ్లకు పైగా బతికారు. మంచం మీద నుంచే అయిదు పూటలా నమాజు చదివారు.

మన దాత ప్రతిపాదించిన క్యాంపు అంతకు రెండేళ్ల ముందు జరిగి ఉంటే చాచాకు మేలు జరిగేదా? మేము చాలాసేపు ఆలోచించాం. ఆయన క్యాంపుకు వచ్చేవారు కాదేమో. వచ్చినా రిపోర్టు అర్థం చేయించేవాళ్లు ఎవరు? ఆయన విషయంలో తప్పిపోయింది యంత్రం కాదు. నడుం నొప్పి ఏడాదిగా తగ్గని 60 దాటిన మగమనిషిని, "చాచా, ఒంటికి ఎలా వస్తోంది?" అని ఎవరూ అడగలేదు. సిగ్గుపడి ఆయనా చెప్పలేదు. రెండు మాటలు ఒకచోట చేరి ఉంటే కాళ్లు పోకముందే గుంటూరు చేరేవారు.

ఇప్పుడు అంకెలు. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 14 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది, సుమారు 3 లక్షల 75 వేల మంది చనిపోయారు. మనదేశంలో 34 వేలకు పైగా కొత్త కేసులు, 16 వేలకు పైగా మరణాలు. అంటే అక్కడ నలుగురికి ఒకరు, ఇక్కడ ఇద్దరికి ఒకరు. ఈ లెక్క చూపించి, మన దగ్గర ఆలస్యంగా కనుక్కోవడం వల్లే ఇంతమంది పోతున్నారు, కాబట్టి అందరికీ పరీక్ష చేయాలి అని చాలామంది అంటారు. అందులో సగం నిజం ఉంది. మన దగ్గర చాలామంది ఎముకలకు పాకాకే వస్తున్నారు. రెండో సగం ఎవరూ చెప్పరు. పాశ్చాత్య దేశాల్లో పరీక్షలు విపరీతంగా చేయడం వల్ల, ఎప్పటికీ హాని చేయని చిన్న క్యాన్సర్లు కూడా లెక్కలోకి వచ్చాయి. కేసులు పెరిగితే మరణాల నిష్పత్తి తగ్గినట్టు కనిపిస్తుంది. వయసు మళ్లి వేరే కారణాలతో చనిపోయిన మగవాళ్ల శరీరాలను విదేశాల్లో పరిశీలించినప్పుడు, 80కి చేరువైనవారిలో, దాటినవారిలో సగం మందికి పైగా ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. వాళ్లకు ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోయింది.

రక్తపరీక్ష పేరు పీఎస్‌ఏ. ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీను రక్తంలో ఎంత ఉందో అది చెబుతుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ఎక్కువ అని సాధారణంగా లెక్క. కానీ ఆ ప్రోటీను క్యాన్సర్‌ది కాదు, ప్రోస్టేట్‌ది. వయసు వాపు ఉన్నా పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే బాగా పెరుగుతుంది. మూత్రం బిగబట్టి గొట్టం వేసినా, అంతకుముందు రెండు రోజుల్లో దాంపత్యం జరిగినా, సైకిల్ ఎక్కువ తొక్కినా కొంత పెరగవచ్చు. ఇంకోవైపు, ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే అంకె సగానికి పడిపోతుంది, ఉన్న క్యాన్సర్ దాక్కుంటుంది. 4 లోపు ఉన్నవాళ్లకు క్యాన్సర్ ఉండదనీ లేదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, 4 లోపు ఉన్నవాళ్లకు కూడా బయాప్సీ చేసి చూస్తే సుమారు 15 శాతం మందిలో కనిపించింది. ఒక చిన్న మాట: ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు.

1970లో ప్రోస్టేట్‌కు సంబంధించిన ఒక యాంటిజెన్‌ను గుర్తించి రాసిన శాస్త్రవేత్త రిచర్డ్ ఆబ్లిన్. అదే మనిషి 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాసి, మగవాళ్లందరికీ మూకుమ్మడిగా ఈ పరీక్ష చేయడాన్ని గట్టిగా తప్పుపట్టారు. 2012లో అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం ఏ వయసువాళ్లకూ మామూలుగా చేయవద్దని చెప్పింది. 2018లో అదే బృందం మాట సవరించుకుని, 55 నుంచి 69 మధ్యవాళ్లు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలి, 70 దాటినవాళ్లకు వద్దు అంది. పెద్ద పెద్ద దేశాలే ఇలా ముందుకు, వెనక్కు నడుస్తున్నప్పుడు మనం ఒక ఆదివారం టెంటు వేసి తేల్చగలమా?

ఎందుకు ఇంత తర్జనభర్జన అంటే, లాభమూ ఉంది, నష్టమూ ఉంది. యూరప్‌లోని ఎనిమిది దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న లక్షా 60 వేల మందికి పైగా మగవాళ్ల మీద ఒక అధ్యయనం జరిగింది. 23 ఏళ్లు వెంటబడి చూసి 2025లో ఫలితాలు చెప్పారు. పరీక్షకు పిలిచిన వర్గంలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. విడమరిచి చెప్పాలంటే, 456 మందిని పరీక్షలకు పిలిస్తే ఒక మరణం తప్పింది, ఆ ఒక్కరి కోసం 12 మంది అదనంగా క్యాన్సర్ రోగులయ్యారు. ఒక ప్రాణం చిన్నది కాదు. కానీ అక్కడ పరీక్ష ఒక్కసారి చేసి వదల్లేదు, రెండేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ మళ్లీ చేశారు.

ఒక్కసారి చేసి వదిలేస్తే ఏమవుతుంది? మన దాత అడిగిన క్యాంపు అచ్చంగా అదే కదా. దానికీ జవాబు ఉంది. బ్రిటన్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 4 లక్షలకు పైగా మగవాళ్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని ఒకే ఒక్కసారి పీఎస్‌ఏకు పిలిచారు. పిలిచినవాళ్లంతా రాలేదు, మూడోవంతుకు కాస్త ఎక్కువమందే చేయించుకున్నారు. క్యాంపుల్లో కూడా అంతే కదా. 15 ఏళ్ల తర్వాత చూస్తే, పిలవని వర్గంలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు 0.78 శాతం, పిలిచిన వర్గంలో 0.69 శాతం. తేడా వెయ్యి మందికి ఒకరు కూడా కాదు. పైగా బ్రిటన్‌లో ఈ క్యాన్సర్ మనకంటే చాలా ఎక్కువ. మన దగ్గర ఆ లాభం ఇంకా తక్కువగానే ఉండాలి. మేము సమావేశంలో సరే అనకపోవడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం తెనాలిలో కళ్లారా చూశాం. ఒక కుటుంబంలో కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఫోన్లో చూసి, అబ్బాకు పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ బుక్ చేశాడు. మంచి కొడుకు. ఆ ప్యాకేజీలో పీఎస్‌ఏ కూడా ఉంది. రిపోర్టులో ఆ అంకె ఎర్ర అక్షరాల్లో వచ్చింది, 9 దాటి. ఇంట్లో ఏడుపులు. ఆ వారమంతా ఆయనకు మూత్రంలో మంట ఉందన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అమ్మ గాజులు తాకట్టుపెట్టి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టారు. అంకె మళ్లీ చూడకుండానే బయాప్సీ చేశారు. రెండో రోజు చలిజ్వరం, అయిదు రోజులు మంచం. బయాప్సీలో క్యాన్సర్ లేదు. మూడు నెలలకు అదే పరీక్ష మళ్లీ చేయిస్తే అంకె 3 లోపు. ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలు ఆగి పరీక్ష మళ్లీ చేస్తే సరిపోయే పనికి ఆ ఇల్లు ఎంత చెల్లించిందో లెక్క వేసుకోండి. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి ఎన్ని జరుగుతున్నాయో అని మాత్రం మాకు దిగులు.

ఇదంతా చదివి, పరీక్షే వద్దంటున్నారని అనుకోకండి. బాపట్లలో ఒక మాస్టారు. ఆయన అన్నగారు ఇదే జబ్బుతో 60 దాటగానే పోయారు. తండ్రికో, తోడబుట్టిన అన్నదమ్ముడికో ఈ జబ్బు ఉంటే మనకు వచ్చే అవకాశం ఇంచుమించు రెట్టింపు. ఇంట్లో ఆడవాళ్లకు చిన్నవయసులో రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన మాట, ఎందుకంటే కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యులోపం రెండింటికీ కారణం. అలాంటివాళ్లు 45 నుంచే ఆలోచించాలి. మాస్టారు తనంతట తానే డాక్టరును అడిగారు. అంకె కాస్త ఎక్కువ వచ్చింది. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేస్తే అంతే వచ్చింది. వేలితో పరీక్ష చేశారు. తర్వాత ఎంఆర్‌ఐ తీశారు. అందులో అనుమానపు చోటు కనిపించాకే, ఆ చోటు నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే, కానీ గ్రంథి దాటలేదు. ఆపరేషన్ అయింది. ఇప్పటికి అంకె సున్నాకు దగ్గరగానే ఉంది, అల్హమ్దులిల్లాహ్.

అయితే ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలు ఆయన ప్యాడ్ పెట్టుకునే తిరిగారు. మూత్రం పట్టు తప్పడం, దాంపత్య శక్తి తగ్గడం ఈ ఆపరేషన్‌కూ, కరెంటు వైద్యానికీ ఉన్న నష్టాలు. ముందుగా చెప్పకుండా చేయించడం అన్యాయం. మాస్టారికి డాక్టరు ముందే చెప్పారు, ఆయన ఒప్పుకునే చేయించుకున్నారు. ఆ ఎనిమిది నెలలూ ఆయన జుమా మానలేదు. ఇమామ్ సాహెబ్‌ను ముందే కలిసి మస్అలా అడిగారు. మూత్రం ఆగకుండా కారే మనిషి షరీఅత్‌లో మాజూర్. ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ చేసుకుని చదువుకోవచ్చు. కారుతున్నందువల్ల ఆ వేళ లోపల అతని వజూ పోదు. ఎవరికి ఈ సౌలభ్యం వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో మీ ఆలిమ్‌ను అడగండి. ఇది తెలియక ఇంట్లో కూర్చున్న పెద్దలు మన మూడు ఊళ్లలోనూ ఉన్నారు.

వేలి పరీక్ష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు పారిపోయేది అక్కడే. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని మలద్వారం గుండా గ్రంథిని తాకి చూస్తారు. అర నిమిషం పని. గట్టి గడ్డ తగిలితే అనుమానం. ఆ ఒక్క పరీక్షతో మొదటి దశ క్యాన్సర్లన్నీ దొరకవు, కానీ ఇబ్బందులు ఉన్నవాడికి అది ఎంతో చెబుతుంది. హయా మంచిదే. వైద్య అవసరానికి డాక్టరు ముందు సతర్ తొలగించడానికి ఉలమా అనుమతి ఇచ్చారు. చాటు ఉన్న గదిలో, మగ డాక్టరు చేత చేయించే ఏర్పాటు మాది. క్యాంపు టెంటులో తెర చాటున అది కుదరదు.

బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చినా అందరికీ వెంటనే కత్తి అవసరం లేదు. కణాల తీరును బట్టి 6 నుంచి 10 దాకా ఒక స్కోరు ఇస్తారు, 1960లలో ఆ పద్ధతి తెచ్చిన డాక్టరు గ్లీసన్ పేరే దానికి పెట్టారు. 6 అంటే నెమ్మదిది. 8 పైన అంటే దూకుడుది. నెమ్మదిదైతే ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, అప్పుడప్పుడు ఎంఆర్‌ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీతో కనిపెట్టుకుని ఉండొచ్చు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి కరెంటు, ఒక వర్గానికి కనిపెట్టుకుని ఉండటం కేటాయించారు. 15 ఏళ్ల తర్వాత మూడింటిలోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురే. కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో చాలామందికి తర్వాత ఏదో ఒక వైద్యం అవసరమైంది, కొందరికి జబ్బు పాకింది కూడా, నిజమే. కానీ ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. గాజులు తాకట్టు పెట్టేంత తొందర ఉండదు. కనిపెట్టుకుని ఉండటం అంటే మర్చిపోవడం కాదు. ఆరు నెలలకు గుర్తుచేసే మనిషి కావాలి. నిజాంపట్నం వైపు నుంచి ఆటోలో రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి తెనాలి, అక్కడి నుంచి గుంటూరు వెళ్లే పెద్దాయనకు అది మరీ అవసరం. గంటకోసారి ఒంటికి వెళ్లాల్సిన మనిషి బస్సు ఎక్కడానికి భయపడి, ఆ రోజంతా నీళ్లు తాగకుండా ప్రయాణం చేస్తాడు. చాలామంది రెండోసారి వెళ్లకపోవడానికి కారణం డబ్బు కాదు, ఇదే.

ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి ఇంటింటికీ చేయించే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడే ఉన్నాయి. ప్రోస్టేట్ లేదు. దానిలో వివక్ష ఏమీ లేదు, పైన చెప్పిన కారణాలే. వైద్యానికి మాత్రం దారి ఉంది. బియ్యం కార్డు ఉన్నవారికి, ఇంతకుముందు ఆరోగ్యశ్రీ అని పిలిచిన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్, కరెంటు, మందులు ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడగాలి. గుంటూరు సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రేపల్లె, బాపట్ల ఒక జిల్లా, తెనాలి గుంటూరు జిల్లా అయ్యాయి. మా కార్డు అక్కడ చెల్లదేమో అని రేపల్లెలో కొందరు అడిగారు. పథకం రాష్ట్రమంతటికీ ఒకటే. ఇబ్బందల్లా జబ్బు తేలేముందు పరీక్షలకు. పీఎస్‌ఏకు కొన్ని వందలు, ఎంఆర్‌ఐకి వేలు, రానుపోను ఖర్చు, తోడు వచ్చిన కొడుకు కూలి. మన డబ్బు అవసరమైన చోటు అదే.

అందుకని కార్యవర్గం నిర్ణయించింది ఇది. బహిరంగ క్యాంపు పెట్టం. షాబాన్ నెలలో, రంజాన్‌కు ముందే, మూడు ఊళ్లలో జుమా తర్వాత పది నిమిషాలు మాట్లాడటానికి డాక్టరును తీసుకొస్తాం. మూత్రంలో రక్తం, తగ్గని నడుం నొప్పి, తూకం తగ్గడం ఉన్నవారిని వయసు చూడకుండా ఆ వారంలోనే యూరాలజిస్టు దగ్గరికి మేమే తీసుకెళ్తాం. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా వారం కాదు, ఆ పూటే. ఇబ్బంది లేని 50 నుంచి 69 మధ్యవారు పరీక్ష కోరితే ముందు కూర్చోబెట్టి ఈ వ్యాసంలో ఉన్నదంతా చెబుతాం. అప్పటికీ కావాలంటే చేయిస్తాం, పేరు రిజిస్టరులో రాసుకుంటాం, అంకె ఎక్కువ వస్తే రెండో పరీక్ష నుంచి చివరిదాకా వెంట ఉంటాం. అంత వెంట ఉండగలిగినంతమందికే చేయిస్తాం. 70 దాటినవాళ్లకు, ఇబ్బందులు లేకపోతే, వద్దనే చెబుతాం. కొందరికి కోపం వస్తుందని తెలుసు.

ఒక చిన్న ఖర్చు కూడా అడుగుతున్నాం. మన మసీదుల్లో వజూఖానా పక్కన కూర్చునే కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ చాలాచోట్ల లేవు. మోకాళ్లు వంగని మనిషి నిలబడి తొందరగా ముగించి వస్తాడు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, చుక్కలు పడతాయి. నిదానంగా కూర్చుని వెళ్తే కొందరికి ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

మన దాత ఆ తర్వాత మాతో మాట్లాడారు. క్యాంపుకు ఇస్తానన్న సొమ్ము ఈ పనికే ఇస్తానన్నారు, కాకపోతే అందులో జకాత్ కూడా ఉంది, ఎలా అని అడిగారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడికి సొంతం కావాలి. అందరికీ చేసే ప్రసంగాలకు, కమోడ్‌లకు, ఉన్నవాడి పరీక్షకు అది వాడటానికి వీల్లేదు. అవి లిల్లాహ్, సదఖా సొమ్ముతో చేస్తాం. పేద రోగి ఎంఆర్‌ఐకి, ప్రయాణానికి, ప్యాడ్‌లకు జకాత్ ఇవ్వవచ్చు, ఆ సొమ్ము అతని చేతికే ఇచ్చి, అతని చేతనే కట్టిస్తాం. రెండు ఖాతాలు వేరువేరుగా రాస్తున్నాం. మీరు డబ్బు కట్టేటప్పుడు రసీదు మీద "వైద్యం - జకాత్" అనో, "వైద్యం - లిల్లాహ్" అనో స్పష్టంగా రాయించుకోండి. ఏదీ రాయకపోతే దాన్ని లిల్లాహ్ కిందే జమ చేస్తాం.